అక్క పిల్లలు హోంల ఉన్నరు, మేం సాదుకుంటమంటె ఇస్తలేరు. ఎట్ల అడగాలె?

రాధ_హన్మకొండ
మా అక్క కిడ్నీల జబ్బుతోని పోయిన ఏడాది చనిపోయింది. ఇద్దరు పిల్లలు. బిడ్డ నాలుగో తరగతి, కొడుకు ఒకటో తరగతి. అక్క పోయినంక బావ తాగుడుకు పడ్డడు. ఒకరోజు పిల్లల్ని ఇంట్ల వదిలిపెట్టి ఎటో పోయిండు, ఇప్పటిదాంక జాడ లేదు. పక్కింటోళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసిండ్రంట, ఆఫీసరోళ్లొచ్చి తీస్కపోయిండ్రు. మాకు తెలిసేసరికి బిడ్డ ఒక హోంల, పిలగాడు ఇంకో హోంల. జిల్లా కూడ మాది కాదు.

మేం సాదుకుంటమని పోయినం. ఫోస్టర్ కేర్ కింద, అంటె దత్తత కాకుంట ఇంట్ల పెట్టుకొని సాదే పద్ధతిల, ఇయ్యుండ్రి అంటె "అది బంధువులకు కాదమ్మా" అన్నరు. మళ్లోసారి పోతె "తండ్రి బతికే ఉన్నడు కదా, ఆయన సంతకం పట్కరండ్రి" అన్నరు. జాడ లేని మనిషి సంతకం ఏడికెల్లి తేవాలె? ఇంకొకామె "మీది కిరాయి ఇల్లు, రెండర్రలు, మీకెట్ల ఇస్తరు" అన్నది. మా ఆయన స్కూల్ వ్యాన్ నడుపుతడు, నేను ఇంట్లనే బట్టలు కుడుత. మాకు ఒక బాబు. దానికి తోడు అక్క వాళ్ల అత్త కూడ పిల్లల్ని నాకే ఇయ్యాలె అంటున్నదంట.

మొన్న చూడనీకి పోతె పిల్ల ఒక్కటే అడిగింది, "చిన్నమ్మా, తమ్ముడు ఏడున్నడు?" అని. ఇసువంటి పిల్లల్ని ఇంటికి తెచ్చుకున్నోళ్లు ఎవరన్న ఉంటె ఏం చేసిండ్రో చెప్పుండ్రి.

నర్సంపేట_మిర్చిరైతు
చెల్లె, గింత తిరుగుడెందుకు? మా ఊర్ల ఇట్లనే అయితె పెద్దమనుషులు కూసొని నూర్రూపాయల బాండు పేపర్ మీద రాయించిండ్రు. మేనమామ తీస్కపోయి సాదుకున్నడు, పిల్ల ఇప్పుడు డిగ్రీ. మీరు కూడ సర్పంచ్ తోని సంతకం పెట్టించుకొని పోండ్రి.

ఓరుగల్లు_వకీల్
అన్నా, ఆ పిల్ల కమిటీ ముందటికి రాలేదు, అందుకె నడిచింది. ఈ పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ మీద హోంల ఉన్నరు. ఇగ బాండు పేపర్ పనికిరాదు, సర్పంచ్ సంతకం పనికిరాదు. 2015 బాలల న్యాయ చట్టం కింద ఆ కమిటీకి ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ అధికారాలుంటయి. ఒక చైర్‌పర్సన్, నలుగురు మెంబర్లు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాల్నో రాసేది వాళ్లు. వార్డెన్ కాదు, ఆఫీసుల క్లర్కు కాదు.

రాధ గారూ, మీకు "కాదు" అని చెప్పింది ఎవరు? మీరు ఏదన్న దరఖాస్తు రాసి ఇచ్చిండ్రా? రసీదు ఉన్నదా?

రాధ_హన్మకొండ
కాయితం ఎవరూ అడగలె అన్నా. హోం గేటు కాడ ఒకాయన, ఆఫీసుల ఇద్దరు మేడంలు నోటితోనే చెప్పిండ్రు. కమిటీ అనేది ఒకటున్నదని ఇప్పుడు మీరు చెప్తెనే తెలుస్తున్నది.

ఓరుగల్లు_వకీల్
అయితె మీకు ఇంకా ఎవరూ కాదనలేదు. కమిటీకి మీ సంగతే తెల్వకపోవచ్చు. ఇయ్యాల్నే రాయుండ్రి.

వేదిక_నిర్వాహకుడు
రాధ గారి మొదటి పోస్టులో పిల్లల పేర్లు, హోం పేరు, ఊరి పేరు ఉండె, తీసేసినం. కోపం చేసుకోకుండ్రి. హోంలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దని అదే చట్టం సెక్షన్ 74ల ఉన్నది, ఆరు నెలల దాంక జైలు, లేకపోతె 2 లక్షల దాంక జరిమానా, లేకపోతె రెండూ అని కూడ రాసి ఉన్నది. ఫొటోలు అస్సలు పెట్టకుండ్రి. జవాబులిచ్చేటోళ్లు కూడ మీ కేసుల పిల్లల పేర్లు రాయకుండ్రి.

రిటైర్డ్_సూపర్వైజర్
నేను ఐసీడీఎస్‌లో చాన ఏండ్లు పనిచేసి దిగిపోయిన. రాధమ్మా, కుట్టుమిషన్ ఆపి జర నిమ్మళంగ చదువు.

మీరు "ఫోస్టర్ కేర్" అని అడిగిండ్రు, వాళ్లు ఆ పథకం కాయితం చూసి కాదన్నరు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకంల ఫోస్టర్ కేర్ అంటె రక్తసంబంధం లేని కుటుంబానికి ఇచ్చుడు. బంధువులకు దారి వేరే ఉన్నది. సెక్షన్ 37ల కమిటీ ఏమేం ఆర్డర్లు ఇయ్యొచ్చో వరుసగ ఉన్నయి. అండ్ల పిల్లల్ని కుటుంబానికి అప్పజెప్పుడు ఒకటి, "ఫిట్ పర్సన్" కింద, అంటె పిల్లల్ని సాదనీకి తగినోళ్లని కమిటీ ఒప్పుకున్న ఒక మనిషికి, కొంతకాలం గాని ఎక్కువకాలం గాని ఇచ్చుడు ఇంకొకటి. చిన్నమ్మవు నువ్వు. ఆ రెండిట్ల ఏదన్న ఒకటి అడుగు. పైసల సాయం కావాలంటె స్పాన్సర్‌షిప్ అని వేరే దరఖాస్తు ఉంటది, దాని సంగతి తర్వాత.

దరఖాస్తుల రాయాల్సింది: మీరిద్దరు ఎవరు, పిల్లలకు ఏమైతరు, అక్క ఎప్పుడు పోయింది, బావ ఎప్పటిసంది కనిపిస్తలేడు, మీ ఇంట్ల ఎంతమంది, ఏ బడిల ఏస్తరు, పిల్లలు ఏడ పండుకుంటరు. ఈ ఆఖరుది తప్పక రాయి, ఇల్లు చూడవచ్చినామె మొదలు అదే చూస్తది. జోడించాల్సినయి: అక్క డెత్ సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, కిరాయి కాయితం, నువ్వు అక్కకు సొంత చెల్లెవని తెలిపే రుజువు ఏదన్న. పాత రేషన్ కార్డుల మీ ఇద్దరి పేర్లు మీ నాయిన కింద ఉంటె అది మస్తు పనికొస్తది. బావ కనిపిస్తలేడని పోలీస్ స్టేషన్ల కంప్లైంట్ ఇచ్చిండ్రా? ఇయ్యకపోతె ఇయ్యుండ్రి. "తండ్రి సంతకం ఏది" అన్న ప్రశ్నకు అదే జవాబు.

పిల్లలున్న జిల్లా కమిటీ మీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, అంటె డీసీపీయూకు, రాస్తది. హన్మకొండ నుంచి సోషల్ వర్కర్ మీ ఇంటికొస్తది. ఈ జిల్లాకు ఆ జిల్లాకు మధ్య కాయితం నడిచుడే లేటయ్యే జాగ. దరఖాస్తు కాపీ ఒకటి ఇక్కడ మీ డీసీపీయూల కూడ ఇచ్చి ముద్ర ఏయించుకో.

కిరాయి ఇల్లని ఇయ్యరు అన్నది ఉత్తమాట. పట్టా ఉండాలని చట్టంల ఏడ లేదు.

విజయవాడ_లక్ష్మి
మేము ఫోస్టర్ కేర్ కోసం అప్లై చేసి ఉన్నాం, అందుకని ఆ నిబంధనలు చదివాను. సూపర్వైజర్ గారు చెప్పినట్టు అది బంధువులు కాని వాళ్ల కోసమే. 2024లో మార్గదర్శకాలు మార్చారు, ఇప్పుడు పెళ్లికాని వాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. రెండేళ్లు పెంచాక దత్తత అడగొచ్చు, ఇదివరకు ఐదేళ్లుండేది. కాకపోతే రాధ గారిలాంటి చిన్నమ్మ ఉండగా ఆ పిల్లలు మాలాంటి వాళ్ల దగ్గరకి ఎందుకు రావాలి? మీరు త్వరగా అడగండి.

ఓరుగల్లు_వకీల్
సూపర్వైజర్ అమ్మతోని ఒక్క దగ్గర నాది వేరే మాట. సెక్షన్ 44 ఇంగ్లీషు చదివితె, కన్న తల్లిదండ్రులు గాని దత్తత తల్లిదండ్రులు గాని లేని కుటుంబం, "లేదా" సంబంధం లేని కుటుంబం అని ఉన్నది. ఆ "లేదా" ఉన్నంక బంధువులకు తలుపు పూర్తిగ మూసినట్టు కాదని నేను వాదిస్త. అయినా ఆ వాదన ఇప్పుడు రాధ గారి తలమీద ఎందుకు, అది పై కోర్టుల చెప్పాల్సింది. ఫిట్ పర్సన్ దారే దగ్గర.

ఇంకొకటి. పిల్లల్ని మొదటిసారి ముందుకు తెచ్చిన తేదీ నుంచి నాలుగు నెలలల్ల కమిటీ ఆఖరి ఆర్డర్ ఇయ్యాలె, సెక్షన్ 36. ఆ తేదీ ఏందో కనుక్కోండ్రి. ఆ లోపు మీ కాయితం ఫైల్ల ఉండాలె. తల్లిదండ్రులు లేరు, బంధువులు ఎవరూ రాలేదు అని రాసుకుంటె రేపు దత్తతకు అర్హులని ప్రకటించే దిక్కు పోవచ్చు. అట్లయినంక ఎనకకు తెచ్చుడు చాన కష్టం. చూడనీకి పోవుడు కూడ ఆపకుండ్రి, పోయినప్పుడల్లా రిజిస్టర్ల సంతకం పెట్టుండ్రి.

వకీలు ఫీజు గురించి భయపడొద్దు. హన్మకొండ అదాలత్ సెంటర్ కాడ ఉన్న కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. ఆడోళ్లకు, పిల్లలకు ఆదాయం చూడకుంట ఉచితంగ వకీలును ఇస్తరు. 15100కు ఫోన్ చేసినా చెప్తరు.

కొత్తసభ్యుడు_హుజురాబాద్
నాకు తోచింది చెప్త, తిట్టకుండ్రి. హోంల తిండి, బట్టలు, చదువు అన్నీ సర్కారే చూస్తది. ఐదో తరగతికి గురుకులం ఎంట్రెన్స్ రాయిస్తె ఆ పిల్ల జీవితం సెట్ అయితది. రెండర్రల ఇంట్ల ముగ్గురు పిల్లలు, వ్యాన్ జీతం. ప్రేమ ఉండుడు వేరు, సాదుడు వేరు. పండుగలకు తెచ్చుకుంటె సాలదా?

ఖని_శీను
నేను హోంల పెరిగిన. ఆరో ఏట పోయిన, ఇంటర్ దాంక ఆడనే. అన్నం పెట్టిండ్రు, కొట్టలె, చదివించిండ్రు. ఇప్పుడు గోదావరిఖనిల కాంట్రాక్టు పని, నా కాళ్ల మీద నేను ఉన్న. ఆ సార్లకు నేను ఎప్పటికి రుణపడి ఉంట.

కని హుజురాబాద్ తమ్మీ, ఆదివారం రోజు గేటు కాడ నిలబడ్డవా నువ్వు ఎప్పుడన్న? ఎవరి పేరు పిలుస్తరో అని పొద్దటిసంది స్నానం చేసి తయారై కూసుంటుంటిమి. నాకు ఇద్దరు కాకలున్నరు, సొంత కాకలు, బస్సెక్కితె గంట దూరం. ఒక్కరు రాలె. పెద్దగైనంక ఒక కాకను అడిగిన, ఎందుకు రాలేదే అని. "ఆడ మంచిగున్నవని అన్నరు బిడ్డా, మా ఇంట్ల ఏమున్నదని తేవాలె" అన్నడు. రెండర్రలు లేవట. ఒక్క అర్రల అందరం పండుకుంటె ఏమయితుండె? కరెంటు పోతె ఎవరి పక్కన పండుకోవాల్నో తెల్వక గోడకు ఆనుకున్న పిలగాన్ని నేను.

అక్కా, మీ ఇంట్ల కూరల నీళ్లెక్కువున్నా ఫరవాలేదు. తీస్కరాండ్రి. ఇద్దర్ని ఒక్కతాన పెట్టుండ్రి.

మెట్‌పల్లి_పద్మమ్మ
బిడ్డా శీనూ, సల్లగుండు.

జమ్మికుంట_టీచర్
శీను చెప్పింది చదివినంక మాట రాలేదు. అయినా రెండో దిక్కు కూడ చెప్పాలె. మా బడిల ఒక పిల్లను పెద్దమ్మ సాదుతనని హోం నుంచి తెచ్చింది. ఆరు నెలలకు ఆ పిల్ల బడికి వచ్చుడు తగ్గింది. ఇంటి పని, పత్తి ఏరుడు, చిన్నపిల్లల్ని ఎత్తుకునుడు. మేం చెప్తె సోషల్ వర్కర్ వచ్చి చూసి మళ్ల తీస్కపోయింది. కస్తూర్బాల చేరింది, మంచిగ చదువుతున్నది. అంటె ఇల్లు అనంగనే అంతా అమ్మ ఒడి కాదు. కమిటీ ఇన్ని ప్రశ్నలడిగేది అందుకె. రాధ గారి మీద అనుమానంతో అంటలేను.

రాధ_హన్మకొండ
మీరు అన్నది నిజమే టీచర్. అడగనియ్యుండ్రి, ఇంటికొచ్చి చూడనియ్యుండ్రి, నెలనెల రానియ్యుండ్రి. నాకు అండ్ల ఏం బాధ లేదు. అడగకుంటనే గేటు కాడికెల్లి పంపుడే బాధ.

శీను తమ్మీ, నీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించిన. వ్యాన్ కడిగేటోడు కడుగుడు ఆపి ఇంట్లకొచ్చి కిరాయి కాయితం ఎతకవట్టిండు.

నర్సంపేట_మిర్చిరైతు
నా బాండు పేపర్ సలహా వాపస్ తీసుకుంటున్న. వకీల్ సాబ్ జర నన్ను జైల్ల ఏయించకుండ్రి, మిర్చి కోతకొచ్చింది.

ఓరుగల్లు_వకీల్
కోత అయినంక చూద్దం అన్నా. రెండు కిలోలు పంపితె రాజీ.

భూపాలపల్లి_బొగ్గుబాయి
ఎవరూ అడగని ముచ్చట నేను అడుగుత. మీ అక్క పేరు మీద భూమి ఏమన్న ఉన్నదా? పట్టా పాస్‌బుక్ ఉంటె రైతు బీమా 5 లక్షలు వచ్చి ఉండాలె. మా దగ్గర పిల్లల్ని నేను సాదుత అంటె నేను సాదుత అని కొట్లాడిన కాడల్లా ఎనక పైసలు ఉన్నయి. పైసలు అయిపోయినంక పిల్లలు రోడ్డు మీద. మీ అక్క అత్త కూడ మిమ్మల్ని ఇదే అంటది చూడుండ్రి.

రాధ_హన్మకొండ
ఇరవై గుంటలున్నది అక్క పేరు మీద. బీమా పైసలు బావ నామినీ అంట, తీసుకున్నడో లేదో మాకు తెల్వది. అత్తమ్మ అంటున్నది కూడ అదే, భూమి కోసం వస్తున్నరని. అన్నా, ఆ భూమి ఏడున్నదో కూడ నేను చూడలె.

ఓరుగల్లు_వకీల్
బొగ్గుబాయి అన్న అడిగింది మంచి ప్రశ్న. అక్క చనిపోయినంక ఆ భూమిల పిల్లలకు హక్కు ఉంటది. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (మైనర్ పిల్లల గురించిన చట్టం) ప్రకారం మైనర్ పిల్లల భూమిని కన్నతండ్రి కూడ కోర్టు అనుమతి లేకుంట అమ్మరాదు. కోర్టు నియమించని చిన్నమ్మ, కాక, నాయనమ్మ అయితె ఆ ఆస్తిని ముట్టుకునే అధికారమే లేదు. పిల్లల్ని సాదుడు ఒకటి, ఆస్తికి గార్డియన్ అయ్యుడు ఒకటి. రెండోది కావాలంటె జిల్లా కోర్టుల 1890 నాటి గార్డియన్స్ చట్టం కింద పిటిషన్ ఏయాలె. మీకిప్పుడు అది అక్కర్లేదు.

దరఖాస్తులనే ఒక పేరా రాయుండ్రి: తల్లి భూమి, బీమా సొమ్ము, ఏదున్నా పిల్లల పేరు మీదనే ఉంచాలె, మేం దాన్ని కోరుతలేం, బ్యాంకుల పిల్లల పేరు మీద డిపాజిట్ చేయించాలె అని. అడగకముందే రాస్తె అత్తమ్మ నోరు కూడ మూతపడ్తది.

మెట్‌పల్లి_పద్మమ్మ
అత్తమ్మ నోరు మూతపడ్తది అనకు వకీలు బాబూ. నేను కూడ నాయనమ్మనే. నా కొడుకు దుబాయిల ఉన్నడు, కోడలు తల్లిగారింటికి పోయి రాలె, ఇద్దరు మనుమలను నేనే సాదుతున్న. ఆసరా పింఛను రెండు వేల పదహారు, బీడీల పైసలు. ఆ ముసలామెకు కోడలు పాయె, కొడుకు పాయె, మనుమలు పాయె. ఇంట్ల గోడలే మిగిలినయి. భూమి అని తిడ్తున్నదంటె భయంతోని తిడ్తున్నది. రాధా, నువ్వు ఒక్కసారి ఆమె ఇంటికి పో. కాయితం ఏసేకంటె ముందే పో.

కొత్తసభ్యుడు_హుజురాబాద్
కమిటీ ముందట ఇద్దరు కొట్లాడుకుంటె ఇద్దరికీ ఇయ్యరు కదా?

రిటైర్డ్_సూపర్వైజర్
అట్ల ఉండదు గాని, తగాదా ఉన్న ఇంటికి పంపనీకి ఎవరైనా ఎనకాడుతరు. పద్మమ్మ చెప్పిందే మంచి మాట. ఆమెతోని "నాకు అభ్యంతరం లేదు, సెలవులల్ల పిల్లల్ని చూపించాలె" అని రాయించుకుంటె సగం పని అయినట్టే. ఒకవేళ ఆమె ఒప్పుకోకున్నా పిల్లలను కూడ అడుగుతరు. తొమ్మిదేండ్ల పిల్ల మాటకు విలువ ఉంటది. మీరు మాత్రం ఏం చెప్పాల్నో పిల్లకు నేర్పకుండ్రి, కౌన్సెలర్లు ఇట్టే పట్టుకుంటరు.

స్పాన్సర్‌షిప్ గురించి చెప్త అన్న. నెలకు పిల్లకొక్కరికి 4,000. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర ఉండే పిల్లలు అండ్ల వస్తరు. ఏడాది ఆదాయం ఊర్లల్ల 72,000, పట్నంల 96,000 దాటొద్దు. పైసలు బ్యాంకు ఖాతాల పడ్తయి. బడికి పంపకపోతె ఆపేస్తరు.

భూపాలపల్లి_బొగ్గుబాయి
96,000 అంటె నెలకు ఎనిమిది వేలు. హన్మకొండల కిరాయి, గ్యాస్ పోతె ఏం మిగులుతది? ఎనిమిది వేల ఒకటి వచ్చేటోడు షావుకారి అయిండా? మీసేవల ఇన్‌కమ్ సర్టిఫికెట్ తక్కువ రాయించుకో రాధమ్మా, అందరు చేసేదే.

జమ్మికుంట_టీచర్
వద్దు. రేపు అత్తమ్మ దిక్కు ఎవరన్న ఆ ఒక్క కాయితం పట్టుకుంటె మొత్తం దరఖాస్తు అబద్ధమంటరు. నాలుగు వేల కోసం పిల్లల్ని పోగొట్టుకోవద్దు. ఆ పరిమితి అన్యాయమని నేను కూడ ఒప్పుకుంట. పెంచాలె. కని అది పెంచమని అడగాల్సింది వేరే దగ్గర.

రాధ_హన్మకొండ
ఉన్నది ఉన్నట్టే రాసిన టీచర్. మాది పరిమితి దాటుతది. రాకున్నా సరే. ఫాల్స్, పీకో మిషన్ ఒకటి కొనుక్కుందమని అనుకుంటున్నం, దసర సీజన్ల పని మంచిగుంటది.

నిన్న అత్తమ్మ దగ్గరికి పోయిన. మొదలు తలుపు తియ్యలె. తర్వాత అక్క ఫొటో ముందట కూసొని ఇద్దరం మస్తు ఏడ్చినం. ఆమెకు మోకాళ్లు లేస్తలేవు, పిల్లల్ని సాదలేనని ఆమెకు కూడ తెలుసు. "నా కొడుకు వస్తె పిల్లలేరి అని అడిగితె నేనేం చెప్పాలె" అన్నది. వస్తె మా ఇంటికే తోల్కరమ్మన్న. భూమి సంగతి రాసిన పేరా చదివి వినిపించిన. ఏలిముద్ర ఏసింది. ఎండకాలం సెలవులు, సంక్రాంతి ఆమె దగ్గర.

మెట్‌పల్లి_పద్మమ్మ
ఇప్పుడు నా కడుపు సల్లబడ్డది.

ఖని_శీను
ఇద్దరు పిల్లలు ఒకర్నొకరు చూసుకున్నరా అక్కా ఇంకా?

రాధ_హన్మకొండ
లేదు తమ్మీ. అదే అడగాల్నని ఉన్నది.

ఓరుగల్లు_వకీల్
ఆఖరి ఆర్డర్ దాంక ఆగొద్దు. వేరే కాయితం మీద రాయుండ్రి: అక్కాతమ్ముళ్లను కలిపి ఉంచాలె, అప్పటిదాంక వారానికొకసారన్న కలుపాలె, ఫోన్ మాట్లాడనియ్యాలె అని. ఫోస్టర్ కేర్‌ల కూడ తోబుట్టువులను ఒక్కతాన ఉంచాలని సెక్షన్ 44 చెప్తది, హోంల అంతకంటె తక్కువ ఎట్ల చేస్తరు? చట్టం మొదట్లనే సూత్రాలున్నయి, సంస్థల పెట్టుడు ఆఖరి దారి అని, ఇంకే దిక్కు లేనప్పుడే అని. ఆ మాటలు అట్లనే ఎక్కించుండ్రి.

ఇంట్ల పెండ్లి గాని, చావు గాని ఉంటె సెక్షన్ 98 కింద ఏడు రోజుల దాంక సెలవు కూడ అడగొచ్చు.

కాజీపేట_రైల్వేకాలనీ
చాన రోజుల నుంచి చదువుతున్న, ఇప్పుడు రాస్తున్న. మా తమ్ముని కొడుకు సంగతిల మేం కాయితం ఇచ్చినా కదల్లె. వారాలు గడిచినయి. కమిటీల మెంబర్లు సరిపోక కూసుంటలేరని చెప్పిండ్రు. అప్పుడు ఒకాయన కలెక్టర్ కాడికి పోండ్రి అన్నడు. సోమవారం ప్రజావాణిల అర్జీ పెట్టినం, తర్వాత ఇల్లు చూడనీకి వచ్చిండ్రు.

ఓరుగల్లు_వకీల్
కరెక్ట్. కమిటీ పనితీరు మీద ఫిర్యాదు వినేది జిల్లా మెజిస్ట్రేట్, అంటె కలెక్టర్. అది బాలల న్యాయ చట్టం సెక్షన్ 27ల ఉన్నది. ఆఖరి ఆర్డర్ కోసం కనీసం ముగ్గురు మెంబర్లు కూసోవాలె. నెలకు 20 రోజులన్న కమిటీ నడవాలె. ఒకవేళ ఆర్డర్ మీకు వ్యతిరేకంగ వస్తె 30 రోజులల్ల అప్పీలు, ఆ గడువు మరవకుండ్రి.

విజయవాడ_లక్ష్మి
రాధ గారూ, ఇల్లు చూడటానికి వచ్చారా?

రాధ_హన్మకొండ
వచ్చిండ్రు అక్కా, మన డీసీపీయూ నుంచి ఒక మేడం. ఏం తింటరు, బాత్రూం ఏడున్నది, మా ఆయన తాగుతడా, అన్నీ అడిగింది. పక్కింటోళ్లను కూడ అడిగింది. మా బాబును వేరేగ పిలిచి "అక్క, తమ్ముడు వస్తె నీ బొమ్మలు ఇస్తవా" అంటె వాడు "సైకిల్ ఇయ్య, మిగిలినయి ఇస్త" అన్నడు. మేడం నవ్వుకుంట రాసుకున్నది. నాకైతె గుండె దడదడ కొట్టుకున్నది, సైకిల్ ఇయ్యనన్నడు కదా అని.

జమ్మికుంట_టీచర్
అన్నీ ఇస్తా అంటే నేర్పించిండ్రని అనుకుంటుండె. మంచిగ చెప్పిండు పిలగాడు.

కొత్తసభ్యుడు_హుజురాబాద్
సైకిల్ సంగతి నాకు ఒదిలిపెట్టుండ్రి. మా తమ్మునిది పాతది ఒకటి పడి ఉన్నది, రిపేర్ చేయించి హన్మకొండ బస్‌స్టాండ్ దాంక తెచ్చిస్త.

రాధ_హన్మకొండ
అందరికి చెప్పాల్నని వచ్చిన. ఆర్డర్ వచ్చింది. మా ఇద్దర్నీ ఫిట్ పర్సన్ కింద పెట్టిండ్రు, పిల్లలిద్దర్ని మాకే ఇచ్చిండ్రు. ఆరు నెలలకు, సోషల్ వర్కర్ వచ్చి చూసుకుంట పోతది, తర్వాత మళ్ల కమిటీ ముందటికి పోవాలె. బావ వస్తె ఏందని అడిగితె, వస్తె ఆయనను కూడ కమిటీ ముందటికే రమ్మంటరు, ఇంటికొచ్చి గుంజుకపోతె 1098కు చెప్పుండ్రి అన్నరు.

కమిటీ కాడ ఇద్దర్ని ఒక్క అర్రల కూసోబెట్టిండ్రు. పిలగాడు అక్కను మొదలు గుర్తుపట్టనట్టే ఉన్నడు, జుట్టు కత్తిరించిండ్రు కదా ఆ పిల్లకు. తర్వాత అక్క కొంగు ఇడిస్తె ఒట్టు. ఆమెకు కొంగెక్కడిది, చున్నీ. రాత్రి కూడ అట్లనే పట్టుకొని పండుకున్నడు.

ఖని_శీను
అక్కా. ఇంకేం రాయాల్నో తెలుస్తలేదు. వచ్చే నెల జీతం పడంగనే ఒక ఆదివారం వస్త, పిల్లల్ని చూడనీకి.

నర్సంపేట_మిర్చిరైతు
పచ్చడికి మిర్చి పంపుతున్న చెల్లె. వకీల్ సాబ్ వి వేరే సంచిల ఉన్నయి, కలపకు.

రిటైర్డ్_సూపర్వైజర్
రాధమ్మా, ఆర్డర్ కాపీలు నాలుగైదు తీయించి పెట్టుకో. బడికి, దవాఖానకు, రేషన్ కాడ, ఆధార్ మార్పులకు, అన్నిట్ల అడుగుతరు. ఆరు నెలలు అయిపోకముందే పొడిగింపు దరఖాస్తు ఇయ్యి, ఆఖరి వారం దాంక ఆగకు. పిల్ల మొదటి కొన్ని రోజులు రొట్టె దాచుకుంటె, పక్క తడుపుకుంటె కోపం చెయ్యొద్దు. అది పోతది.

రాధ_హన్మకొండ
రొట్టె కాదమ్మా, బిస్కెట్లు. తలగడ కింద దొరికినయి. ఏం అనలె.

ఇప్పుడు ఇంకో తిప్పలు. మా గల్లీల సర్కారు బడిల ఏద్దమని పోతె టీసీ కావాలన్నరు. హోం దగ్గర బడిల టీసీ అడిగితె హెడ్‌మాస్టర్ సెలవుల ఉన్నడు, వచ్చే వారం రమ్మన్నరు. అప్పటిదాంక పిల్లలు ఇంట్లనేనా?

జమ్మికుంట_టీచర్
ఇంట్ల ఎందుకు, రేపే తోల్కపోండ్రి. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 5ల ఉన్నది, టీసీ లేటయిందని అడ్మిషన్ ఆపరాదు. కమిటీ ఆర్డర్ కాపీ, పిల్లల ఆధార్ చూపెట్టుండ్రి, టీసీ వచ్చినంక ఇస్తమని రాసి ఇయ్యుండ్రి. అయినా కాదంటె ఎంఈఓకు చెప్పుండ్రి. నాకు కూడ మెసేజ్ పెట్టు, ఆ మండలంల నాకు తెలిసిన సార్లున్నరు, నేను మాట్లాడుత.